ఓలాంజపిన్, నా ఆకలి, నా బరువు

మానసిక జబ్బుకు ఓలాంజపిన్ అనే మందు మొదలుపెట్టాక నాకు ముందు తిరిగొచ్చింది నిద్ర. ఆ తర్వాత చెవుల్లో వినిపించే గొంతులు తగ్గాయి. గోడ అవతల ఎవరో నా గురించే మాట్లాడుకుంటున్నారన్న భయం పోయింది. ఇంట్లోవాళ్ళ మధ్య కూర్చుని నాలుగు మాటలు మాట్లాడగలిగాను. ఆ మందు మీద నాకు కోపం లేదని ముందే చెప్పేస్తున్నాను. నేను రాసింది చదివి ఎవరైనా మాత్రలు పక్కన పెట్టేస్తే తట్టుకోలేను.

అయితే నిద్ర వెనకే ఆకలి కూడా వచ్చింది. అలాంటి ఆకలి నాకు అంతకుముందు తెలియదు. భోంచేసి చెయ్యి కడుక్కున్న కాసేపటికే ఏమీ తిననట్టు ఉండేది. పొట్ట బిగిసి నొప్పి పెడుతున్నా ఇంకా తినమని లోపల ఒకటే పోరు. రాత్రి మాత్ర వేసుకున్నాక మరీ ఎక్కువ. అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వేయకుండా, చప్పుడు కాకుండా డబ్బా మూతను అరచేత్తో అదిమి పట్టుకుని తీసేదాన్ని. నిలబడే తినేదాన్ని. రుచి తెలిసేది కాదు. నోట్లో ఏదో ఒకటి పడుతూ ఉండాలి, అంతే.

మందు మొదలైనప్పుడు 56 కిలోలున్నాను. ఏడాది తిరక్కముందే 70 దాటాను. వేలి ఉంగరం బిగుసుకుపోతే అక్క సబ్బు నురగ పట్టించి, మెల్లగా తిప్పుతూ తీసింది. ఉంగరం వచ్చాక కూడా వేలి చుట్టూ ఎర్రటి గీత చాలాసేపు అలాగే ఉంది. మేమిద్దరం దాని గురించి ఏమీ మాట్లాడుకోలేదు.

చూసినవాళ్ళంతా "బాగా ఒళ్ళు చేశావే" అన్నారు. పిన్నయితే "కాస్త నోరు కట్టుకోవే, పొద్దున్నే లేచి నడువు" అంది. ప్రేమతోనే అంది. కానీ పొద్దున లేవడమే పెద్ద పని. ఈ మందుతో వచ్చే మత్తు చాలామందికి తెల్లారాక కూడా వదలదు. కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచేదాన్ని. అలా నడిచినా తూకంలో తేడా కనిపించకపోతే, తప్పు నాదేనని నమ్మడం ఎంత తేలికో!

ఆ నమ్మకం పోగొట్టింది ఇప్పుడు నన్ను చూస్తున్న డాక్టర్ గారు. ఓలాంజపిన్, క్లోజపిన్ లాంటి మందులు మెదడులో డోపమిన్ అనే రసాయనం కబురు అందుకునే గ్రాహకాల దగ్గరే ఆగిపోవట. అలాంటి రసాయనాలే అయిన హిస్టమిన్‌కు చెందిన హెచ్1, సెరటోనిన్‌కు చెందిన 5-హెచ్‌టీ2సీ గ్రాహకాలను కూడా అడ్డుకుంటాయి. కడుపు నిండింది, ఇక చాలు అని మనకు తెలియడంలో వీటికి పాత్ర ఉంది. ఆ కబురు అందాల్సిన చోటికి సరిగా అందకపోతే ఎంత తిన్నా తృప్తి ఉండదు. దీనికితోడు ఇన్సులిన్ పనితీరు కూడా దెబ్బతినవచ్చు. అందుకే షుగరు, కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. ఇలాంటి మందులను పోల్చి చూస్తూ అమెరికాలో చేసిన కేటీ (CATIE) అధ్యయనం 2005లో వెలువడింది. అందులో ఓలాంజపిన్ వాడినవాళ్ళలో 30 శాతం మందికి బరువు 7 శాతమో అంతకన్నా ఎక్కువో పెరిగింది. ఇంతమందికీ ఒక్కసారిగా తిండి యావ పుట్టుకొచ్చిందా?

మొదట చూపించుకున్న చోట నన్ను ఒక్కసారి కూడా తూకం ఎక్కించలేదు. బరువు మాట ఎత్తితే "ముందు మనసు కుదుటపడనీ, ఒళ్ళు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. నాకు ఇప్పటికీ కష్టంగా ఉండేది అదే. ఎందుకంటే ఇది తర్వాత చూసుకునే సంగతి కాదు. బరువు ఎక్కువగా పెరిగేది మొదటి నెలల్లోనే, అందులోనూ వయసులో ఉండి మొదటిసారి మందు వాడేవాళ్ళలో. ఈ మందులు మొదలుపెట్టేటప్పుడే బరువు, నడుము కొలత, బీపీ, షుగరు, కొవ్వులు చూడాలనీ, 4, 8, 12 వారాలకు మళ్ళీ బరువు చూడాలనీ అమెరికా డయాబెటిస్, సైకియాట్రీ సంఘాలు 2004లోనే కలిసి చెప్పాయి. బరువు 5 శాతం పెరిగినా మందు మార్చే ఆలోచన చేయమన్నాయి. తూకం మిషన్ లేని ఆసుపత్రి ఉంటుందా?

తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్ళు మిగతావాళ్ళకన్నా 10 నుంచి 20 ఏళ్ళు ముందే పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకు గుండె జబ్బులు ఒక ముఖ్య కారణం. మనసు నిలబెట్టుకుని గుండె పోగొట్టుకోమంటే ఎలా?

ఇప్పటి డాక్టర్ గారు మొదటి రోజే తూకం ఎక్కించి, నడుము చుట్టూ టేపు పెట్టి, అంకె కాగితం మీద రాసి నాకు కూడా చూపించారు. షుగరు అంచుల్లో ఉందని తేలింది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర చిన్న మోతాదుతో మొదలుపెట్టారు. మొదట్లో కడుపులో వికారం, విరేచనాలు. భోజనంతో పాటు వేసుకుంటే సర్దుకున్నాయి. అద్భుతాలు ఆశించవద్దని ముందే చెప్పారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళతో పోలిస్తే పరిశోధనల్లో కనిపించిన సగటు తేడా సుమారు 3 కిలోలే. ఆలస్యం చేయకుండా మొదలుపెడితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. నా బరువు పెరగడం ఆగింది, తర్వాత కొద్దిగా తగ్గింది. 56కి రాలేదు. ఓలాంజపిన్ కూడా ఇప్పుడు సరిగ్గా పడుకునే ముందే వేసుకుంటున్నాను, డాక్టర్ గారిని అడిగే. ఆకలి పూర్తిగా లేచేలోపు నిద్ర పట్టేస్తోంది.

మందు మార్చడం గురించి కూడా మాట్లాడుకుంటున్నాం. అరిపిప్రజోల్, లురాసిడోన్, జిప్రాసిడోన్‌లతో బరువు పెరగడం బాగా తక్కువ. కానీ ఒకరికి పనిచేసింది ఇంకొకరికి పనిచేయాలని లేదు. మార్చేటప్పుడు ఒకటి తగ్గిస్తూ ఇంకోటి పెంచుతూ వెళ్ళాలి, ఆ సమయంలో జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. మార్పు మాట వింటేనే అమ్మకు టెన్షన్. నా జబ్బు ముదిరిన రోజులు నాకన్నా అమ్మకే ఎక్కువ గుర్తు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను.

చివరికి డాక్టర్ గారి గదిలోనే అందరం కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఈసారి హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష అంకె, ఇంకా పెరిగితే అరిపిప్రజోల్‌కు మెల్లగా మారతాం, పెరగకపోతే ఇదే మందు, మెట్‌ఫార్మిన్ కొనసాగుతాయి. నాకు నిద్ర తగ్గుతోందంటే ముందు కనిపెట్టేది అక్కే. మారాల్సి వస్తే ఆ వారాల్లో నేను వాళ్ళింట్లోనే ఉంటాను. డాక్టర్ గారు అడగ్గానే అక్క సరేనంది.