వంశవృక్షంలో జంట గీత: స్కిజోఫ్రీనియా జన్యు పరిశోధనలో మన చోటు

లేని మాటలు వినిపించడం, నిజం కానివాటిని గట్టిగా నమ్మడం వంటి లక్షణాలుండే మానసిక జబ్బు స్కిజోఫ్రీనియా వంశపారంపర్యంగా వస్తుందా అని అడిగిన వారికి వైద్యులు చెప్పే జవాబులో ఎక్కువ భాగం యూరప్ కుటుంబాలను చూసి నేర్చుకున్నదే. ఈ జబ్బు విషయంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో దాదాపు 80 శాతం వారసత్వానిదేనని కవలలపై జరిగిన అధ్యయనాలు అంటాయి. ఆ కవలల్లో అత్యధికులు ఉత్తర యూరప్ దేశాలవారు. 2022లో నేచర్ పత్రికలో వచ్చిన భారీ అధ్యయనం 76,755 మంది రోగుల జన్యువులను జబ్బు లేని 2,43,649 మందితో పోల్చి, జన్యుపటంలో 287 చోట్లకు ఈ జబ్బుతో సంబంధం ఉందని తేల్చింది. అందులో సుమారు నాలుగింట మూడొంతుల మంది యూరప్ మూలాలవారు, మిగతావారిలో ఎక్కువ మంది తూర్పు ఆసియావారు. దక్షిణాసియా పేరుతో విడిగా ఒక సమూహం ఆ ప్రధాన లెక్కలో కనిపించదు.

మమ్మల్ని పిలవలేదన్న అలకగా దీన్ని చూడటం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే చిక్కు లెక్కలోనే ఉంది. ఇటువంటి అధ్యయనాలకు దొరికేది చాలాసార్లు జబ్బుకు కారణమైన మార్పు కాదు, డీఎన్ఏలో దాని పక్కనే ఉండి దానితో కలిసి తరతరాలుగా సంక్రమిస్తున్న ఒక ఆనవాలు మాత్రమే. ఆనవాలుకూ కారణానికీ మధ్య ఉన్న ఆ జత ఒక్కో జనసమూహంలో ఒక్కో తీరుగా ఉంటుంది. యూరప్ సమాచారంతో కట్టిన పాలీజెనిక్ స్కోర్లు, అంటే చాలా జన్యు మార్పుల ప్రభావాలను కూడి జబ్బు ముప్పును అంచనా వేసే అంకెలు, ఇతరుల దగ్గర తడబడటానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆఫ్రికా మూలాలవారిలో వాటి కచ్చితత్వం నాలుగో ఐదో వంతుకు పడిపోతుందని జన్యు శాస్త్రవేత్త అలీషియా మార్టిన్ బృందం 2019లో చూపింది.

ఇక మన కుటుంబాల సంగతి. మానసిక వైద్య విభాగంలో రోగి వంశవృక్షం గీసేటప్పుడు మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం వేసి, జబ్బు ఉన్నవారి గుర్తును నల్లగా నింపుతారు. దంపతులను ఒక గీతతో కలుపుతారు. వారు రక్తసంబంధీకులైతే జంట గీత గీస్తారు. "మీ ఆయన మీకు ముందే చుట్టమా అమ్మా?" అంటే "మా మేనమామేనండి" అనే జవాబు మన దగ్గర కొత్తేమీ కాదు. కష్టమైన ప్రశ్న ఆ తర్వాతిది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అంటే ముందు "ఎవరికీ లేదండి" అంటారు. కాసేపటికి పక్కనే కూర్చున్న నాయనమ్మ, తన మరిది కొన్నాళ్లు ఇల్లు వదిలి తిరిగాడనీ, గాలి సోకిందని దర్గాకు తీసుకెళ్లామనీ చెబుతుంది. అప్పటిదాకా ఖాళీగా ఉన్న చతురస్రం నల్లబడుతుంది. ముద్రించిన ప్రశ్నావళికి ఈ సమాచారం దొరకదు.

అయితే ఆ జంట గీతను చూసి జబ్బుకు అదే కారణమని తేల్చేయడం తొందరపాటు. స్కిజోఫ్రీనియా ఒకే జన్యువు వల్ల వచ్చేది కాదు, వందల మార్పుల చిన్న చిన్న ప్రభావాలు కలిస్తే వచ్చేది. నా దృష్టిలో అంతకంటే లోతైన విషయం కులం లోపలి పెళ్లిళ్ల సుదీర్ఘ చరిత్ర. దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించి 2017లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పత్రం ప్రకారం, వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించాయి, అదీ ఇలాంటి చరిత్రకు ఉదాహరణగా చెప్పే ఫిన్లాండ్ ప్రజల కంటే బలమైన స్థాయిలో. వైశ్యుల్లో కొందరికి మత్తుమందుతో పాటు కండరాలు సడలించడానికి ఇచ్చే సక్సామెథోనియం ప్రభావం మామూలుకంటే చాలాసేపు ఉండిపోవడం ఇటువంటి చరిత్ర ఫలితమే. అరుదైన మార్పులు ఇలాంటి సమూహాల్లో పోగుపడి ఉంటాయి కనుక, లక్షల మందిని పోగేయకుండానే వాటిని పట్టుకునే వీలుంటుంది.

ఆ దారిలో కొంత పని జరిగింది కూడా. చెన్నైలోని స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థ స్కార్ఫ్, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన అధ్యయనం 2019లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వెలువడింది. తొలి దశలో 1,321 మంది రోగులతో కలిపి 3,092 మంది పాల్గొన్నారు. యూరప్ అధ్యయనాల ముందు ఇది చాలా చిన్న సంఖ్య. అయినా ఎనిమిదో క్రోమోజోమ్ మీద ఒక చోటు బయటపడింది, అది శరీరం నియాసిన్‌ను వినియోగించుకోవడంలో పాత్ర ఉన్న ఎన్ఏపీఆర్‌టీ1 జన్యువు వైపు వేలు చూపింది. నియాసిన్ అంటే బి3 విటమిన్. అది కొరవడితే వచ్చే పెలాగ్రా చర్మంతో పాటు మనసునూ దెబ్బతీస్తుంది. దక్కన్‌లో జొన్నలే ప్రధాన ఆహారమైన వారికి పెలాగ్రా ఎందుకు వస్తోందన్న ప్రశ్నపై హైదరాబాద్‌లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా పనిచేసి, 1960లో లాన్సెట్ వైద్య పత్రికలో, జొన్నల్లో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం వైపు అనుమానం చూపారు. ఆ జన్యు ఫలితానికీ జొన్నల పెలాగ్రాకూ నేరుగా ముడి ఉందని ఎవరూ నిరూపించలేదు, ఇది చదివి బి3 మాత్రలు కొనుక్కోవలసిన పనీ లేదు. కానీ ఆహారం, విటమిన్, మనసు అనే మూడింటినీ కలిపి అడగదగిన ప్రశ్న ఒకటి మన నేల మీద ఉందని మాత్రం నాకనిపిస్తుంది.

తెలుగువారి జన్యు నమూనాలే లేవని అనలేం. ప్రపంచ జనసమూహాల జన్యు వైవిధ్యాన్ని నమోదు చేసిన థౌజండ్ జీనోమ్స్ ప్రాజెక్టులో 102 మంది తెలుగువారి నమూనాలున్నాయి, సేకరించింది మాత్రం బ్రిటన్‌లో. మన దేశంలో చేపట్టిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు పదివేల మంది భారతీయుల జన్యుపటాలను సిద్ధం చేసింది. పోల్చి చూసుకోవడానికి ఇవి చాలా విలువైనవే, కానీ సైకోసిస్‌తో, అంటే స్కిజోఫ్రీనియాలోలా వాస్తవంతో సంబంధం తెగే స్థితితో, బాధపడుతున్నవారి నుంచి, వారి లక్షణాల వివరాలతో సహా సేకరించినవి కావు. ఆ పని ఆసుపత్రుల్లోనే జరగాలి.

అక్కడ మనకు ఒక వెసులుబాటు ఉంది: మన దగ్గర రోగి ఒంటరిగా రాడు, అమ్మానాన్నలో అన్నదమ్ములో వెంట ఉంటారు, కనుక రోగితో పాటు తల్లిదండ్రుల నమూనాలనూ పోల్చి, తల్లిదండ్రుల్లో లేకుండా రోగిలో కొత్తగా పుట్టిన మార్పులను వెదకవచ్చు. అయితే వెంట వచ్చిన పెళ్లికాని చెల్లెలి నమూనా అడిగితే ఇల్లంతా ఒక్కసారిగా వెనక్కి తగ్గుతుంది. ఈ సంగతి సంబంధాల దాకా పొక్కుతుందేమోనన్న ఆ భయం అర్థం లేనిది కాదు. ఆమె ఫలితం ఎవరి చేతికి వెళుతుంది, బంధువులకు తెలిసే వీలుందా, వద్దనుకుంటే మధ్యలో తప్పుకోవచ్చా అన్నవి సమ్మతి పత్రం తొలి పేజీలోనే, ఆమె మాట్లాడే తెలుగులో ఉండాలి. అన్నతోనూ నాన్నతోనూ కాకుండా ఆమెతో విడిగా మాట్లాడాకే సంతకం అడగాలి.