జనవరి 20, నిషికసాయ్, టోక్యో

జపాన్ పంచాంగంలో ఈ రోజు దైకాన్, అంటే మహా చలి. పొద్దున గిన్నెలు తోముతుంటే వేళ్ళు తిమ్మిరెక్కి గ్లాసు చేతిలోంచి జారిపోయింది. మూడు చలికాలాలుగా ఇదే వరస. డిసెంబరు వచ్చిందంటే చాలు, కాలివేళ్ళు ఎర్రగా కంది వాచిపోతాయి. దుప్పట్లో వెచ్చబడగానే ఒకటే దురద. ఇక్కడ దీన్ని షిమోయాకే అంటారు, మంచుకు కాలడం అన్నమాట. నిరుడు రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ లేదు, రక్తం తక్కువా లేదు, అన్నీ నార్మలే అన్నారు. అన్నీ నార్మలైతే ఈ చలి గురించి ఎవరికి చెప్పుకోను?

ఆఫీసులో ఒకావిడ చెబితే ఇవాళ కాంపో రాసే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కాంపో అంటే చైనా నుంచి వచ్చి జపాన్‌లో తన దారి తాను పట్టిన మూలికా వైద్యం. డాక్టరుగారు నాలుక చూశారు, రెండు చేతుల నాడీ చూశారు. కాళ్ళు చాపి పడుకోమని పొట్టంతా నెమ్మదిగా నొక్కారు. గజ్జల పైన నొక్కితే కలుక్కుమంది. చలి చేతులకా, నడుముకా, ముఖానికి వేడి ఆవిర్లు వస్తాయా అని అడిగారు. ముఖం వేడెక్కి కాళ్ళు చల్లబడితే మందు వేరట. చివరికి "హియేషో" అన్నారు. ఎప్పుడూ ఒళ్ళు చల్లగా ఉండే తత్వానికి ఇక్కడ ఒక పేరుంది! వినగానే కళ్ళు చెమర్చాయి.

38 నంబరు మందు రాశారు. దాని అసలు పేరు తోకి షిగ్యాకు కా గోషుయు షోక్యో తో. ఇక్కడ పేరు పలకలేని నాలాంటి వాళ్ళకి పొట్లం మీద నంబరు ఉండటం ఎంత మేలో! రోజుకి మూడు పొట్లాలు, ఒక్కోటి 2.5 గ్రాములు, పరగడుపున. కాంపో మందులు చాలా వరకు ఆరోగ్య బీమాలో ఉన్నాయి కాబట్టి నా వంతు 30 శాతమే.

వేడినీళ్ళలో కలిపితే గోధుమరంగు తేలింది. ముందు దాల్చినచెక్క వాసన, వెనకే అల్లం. తోకి వేరు కొత్తిమీర కుటుంబానిదే, ఆ ఘాటు తెలుస్తూనే ఉంది. తర్వాత గోషుయు అనే ఎండు కాయ చేదు నాలుక మొదట్లో చాలాసేపు నిలిచిపోయింది. సగం సరుకు మా అమ్మ పోపుల పెట్టెలోదే అనిపించింది.

అమ్మకి ఫోన్ చేస్తే "నాకూ ఓ పది పొట్లాలు పట్టుకురావే, మోకాళ్ళు మంచుగడ్డల్లా ఉంటున్నాయి" అంది. వద్దన్నాను. ఇందులో అతిమధురం ఉంది, కొందరికి పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుందని డాక్టరు హెచ్చరించారు. నా బీపీ కూడా రాసుకున్నారు. అమ్మ రోజూ బీపీ మాత్ర వేసుకునే మనిషి. "సరేలే, నా శొంఠి కషాయం నాకుంది" అని పెట్టేసింది. కొంచెం చిన్నబుచ్చుకుందేమో, రేపు మళ్ళీ చేయాలి.

రాత్రి భోజనానికి ముందు రెండో పొట్లం తాగాను. యుతాంపో, అదే వేడినీళ్ళ తిత్తి, పాదాల దగ్గర పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఎడమ చిటికెనవేలు ఇంకా దురద పెడుతూనే ఉంది. రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.