జేబులో ఆఫీసు

సొంత ఫోనులో కూడా ఆఫీసు మెయిల్ పెట్టుకోమని ఈ రోజు మేనేజరు గారు చెప్పారు. అత్యవసరమైతే పనికొస్తుందట. మా ఆఫీసులో అత్యవసరం కానిది ఏదో ఇంతవరకు నాకు తెలియదు.

మెయిల్ యాప్‌లో చిరునామా, పాస్‌వర్డ్ కొట్టగానే ఒక జాబితా తెర మీదకు వచ్చింది. మొట్టమొదటి అనుమతే, హెచ్చరిక లేకుండా ఫోనులోని డేటా మొత్తం చెరిపివేయడం! దాని కింద పాస్‌వర్డ్ నియమాలు విధించడం, స్క్రీన్ లాక్ తీసే ప్రయత్నాలను గమనించడం. నాలుగు ఉత్తరాలు చదువుకోవడానికి ఇన్ని అధికారాలా? అమ్మ వాయిస్ మెసేజ్‌లన్నీ ఈ ఫోనులోనే ఉన్నాయి. రద్దు నొక్కేశాను.

మధ్యాహ్నం ఐటీ విభాగం అబ్బాయిని అడిగితే, "ఆ పద్ధతి వద్దు మేడమ్, వర్క్ ప్రొఫైల్ పెట్టుకోండి" అన్నాడు. ఆండ్రాయిడ్‌లో 2014లో వచ్చిన 5.0 నుంచీ ఉందట. ఐఫోన్లలోనూ ఇలాంటి ఏర్పాటు 2019లో ఐఓఎస్ 13తో వచ్చిందట. మన ఇంట్లో ఒక గదిని ఆఫీసుకు అద్దెకిచ్చినట్టు: ఆ గదిలో సామాను వాళ్ల ఇష్టం, వంటింట్లోకి మాత్రం రాలేరు. ఆఫీసు యాప్‌ల మీద చిన్న పెట్టె గుర్తు ఉంటుంది. ఫోను మోడలు, ఆండ్రాయిడ్ వెర్షన్ లాంటివి వాళ్లకు తెలుస్తాయి. ఫొటోలు, కాల్స్, సొంత మెసేజ్‌లు కనబడవు. నేను ఉద్యోగం మానేస్తే ఆ భాగం ఒక్కటే చెరిపేస్తారు.

పక్క సీటావిడ ఇదంతా విని, "అయితే నా వాట్సాప్ చదవరన్నమాట" అని ఊపిరి పీల్చుకుంది. ఆవిడ ఇంటి రుణం కాగితాలు, వైద్య పరీక్షల నివేదికలు మాత్రం ఆఫీసు మెయిల్ నుంచే పంపిస్తుంది! ఆ మెయిల్ పెట్టె ఉండేది కంపెనీ సర్వరులో. ఫోనులో ఎన్ని గోడలు కట్టినా, అడ్మిన్ అవసరమనుకుంటే అక్కడే వెతుక్కోగలడు. మనం డిలీట్ చేసినవి కూడా అక్కడ ఉండిపోవచ్చు. ఆఫీసు వైఫైకి కలిపితే ఏ సైట్లకు వెళ్తున్నామో తెలుసుకునే వీలుంది. వాళ్లిచ్చిన సర్టిఫికెట్‌ను (ఏ సైటును నమ్మాలో ఫోనుకు చెప్పే చిన్న ఫైలు) ఫోనంతటికీ వర్తించేలా పెట్టుకుంటే, చాలా సైట్లలో ఏం చూస్తున్నామో కూడా తెలిసిపోవచ్చు.

రుమేనియాలో బార్బులెస్కు అనే ఉద్యోగి కథ గుర్తొచ్చింది. పని కోసం తెరిచిన మెసెంజర్ ఖాతాలో సోదరుడితోనూ, కాబోయే భార్యతోనూ మాట్లాడాడని 2007లో ఉద్యోగం నుంచి తీసేశారు. అతను పోరాడి 2017లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టులో గెలిచాడు. అలాగని ఆఫీసు అసలు చూడకూడదని కోర్టు అనలేదు. చూస్తామని, ఎంతవరకు చూస్తామని ముందుగా చెప్పారా లేదా అన్నది ముఖ్యమంది. పదేళ్లు పట్టింది పాపం.

సాయంత్రం వర్క్ ప్రొఫైల్ పెట్టించుకున్నాను. దాన్ని ఆపేసే స్విచ్ ఒకటుంది, నాకన్నిటికన్నా నచ్చింది అదే. రాత్రి భోజనం వేళ నుంచి ఆపేస్తానని మేనేజరు గారికి చెప్పాను, "చూద్దాం" అన్నారు. ఆ మాట నాకేమీ నచ్చలేదు.

రేపు ఐటీ అబ్బాయిని ఇంకొకటి అడగాలి: డిలీట్ చేసిన మెయిళ్లు సర్వరులో ఎంతకాలం ఉంచుతారో. జవాబు రాతపూర్వకంగా ఇస్తే మరీ మంచిది.