ఆయిల్ లైటు వెలగ్గానే సెన్సర్ మార్చేయకండి

డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ క్యాన్ గుర్తు వెలిగితే చాలామంది అనే మొదటి మాట "సెన్సర్ పోయుంటుందిలే". చాలాసార్లు అది నిజమే. కానీ ఆ నమ్మకంతో బండి నడిపిస్తే, ఆయిల్ ప్రెషర్ నిజంగా పడిపోయిన ఒక్కసారి చాలు, బేరింగులు పోయి ఇంజన్ సీజ్ అవుతుంది. కాబట్టి లైటు వెలిగిన చోటే పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. ఐదు నిమిషాలు ఆగి, ఆయిల్ కిందికి దిగాక డిప్‌స్టిక్ చూడాలి. మలుపుల్లోనో బ్రేకు వేసినప్పుడో మాత్రమే లైటు మినుకుమంటుంటే అది సెన్సర్ పని కాదు, దాదాపు ప్రతిసారీ ఆయిల్ తగ్గడమే. పసుపు రంగు లైటు సంగతి వేరు. చాలా బండ్లలో అది సంప్‌లో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ ఎంతుందో చూసే లెవెల్ సెన్సర్ నుంచి వస్తుంది, ప్రెషర్‌తో దానికి సంబంధం లేదు.

లెవెల్ సరిగ్గా ఉందంటే ఇక సెన్సర్, వైరు, ఇంజన్, ఈ మూడింటిలో తప్పు ఎక్కడుందో తేల్చాలి. ముందు మీ బండిలో ఉన్నది ఏ రకమో చూడండి. ఒకే వైరు ఉంటే అది మామూలుగా ప్రెషర్ స్విచ్. మూడు వైర్లు ఉంటే ప్రెషర్‌ను వోల్టేజీగా మార్చి చెప్పే అసలు సెన్సర్. గేజ్ ముల్లు ఉన్న పాత బండ్లలో ప్రెషర్‌ను బట్టి రెసిస్టెన్స్ మారే సెండర్ ఉంటుంది. దానికీ ఒకే వైరు ఉండొచ్చు కాబట్టి వైర్లు లెక్కపెట్టి వదిలేయకుండా వైరింగ్ డయాగ్రం కూడా చూడండి.

ఒకే వైరు స్విచ్ పని చాలా సులువు. ప్రెషర్ లేనప్పుడు లోపలి కాంటాక్ట్ మూసుకుని వైరును ఇంజన్ బాడీకి, అంటే ఎర్త్‌కి కలుపుతుంది, లైటు వెలుగుతుంది. ప్రెషర్ సుమారు 0.3 నుంచి 0.5 బార్ దాటగానే డయాఫ్రం (ప్రెషర్‌కి వంగే పల్చటి పొర) కాంటాక్ట్‌ను ఎత్తేస్తుంది, లైటు ఆరిపోతుంది. అంటే ఈ లైటు ఆరి ఉన్నంత మాత్రాన ప్రెషర్ బాగుందని కాదు, ఆ కాస్త ప్రెషర్ కన్నా ఎక్కువ ఉందని మాత్రమే. కొన్ని బండ్లలో దీనికి తిరగబడి పనిచేసే స్విచ్‌లు ఉంటాయి. డయాగ్రం చూడమన్నది అందుకూ.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజన్ ఆపి, కీ ఆన్ చేసి, స్విచ్ కప్లర్ (వైరు చివర ఉండే ప్లగ్గు) ఊడదీయండి. లైటు ఆరిపోతే వైరు, మీటర్ బోర్డు బాగున్నట్టే. తప్పు స్విచ్‌లోనన్నా ఉండాలి, ప్రెషర్ నిజంగానే లేకపోవాలి. కప్లర్ తీసినా లైటు వెలుగుతూనే ఉంటే వైరు దారిలో ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. అలాంటప్పుడు స్విచ్‌లు ఎన్ని మార్చినా లైటు ఆరదు.

దీనికి ఎదురు కేసు ఇంకా ప్రమాదం. కీ ఆన్ చేసినా లైటు అసలు వెలగదు, కంప్లయింట్ లేదు కదా అని ఎవరూ పట్టించుకోరు. అప్పుడు ఊడదీసిన వైరు చివరను ఇంజన్ బాడీకి తాకించి చూడండి. వెలిగితే స్విచ్ పోయింది, లేదా స్విచ్ బాడీకి ఎర్త్ అందడం లేదు. వెలగకపోతే వైరు తెగింది, లేదా బల్బు పోయింది. తాకించే ఈ పద్ధతి ఒకే వైరు స్విచ్‌కే. మూడు వైర్ల సెన్సర్ మీద ప్రయోగిస్తే ఇంజన్ కంప్యూటర్‌కే, అంటే ఈసీయూకే ఎసరు.

మూడు వైర్ల దానికి మల్టీమీటర్ కావాలి. కీ ఆన్, ఇంజన్ ఆఫ్. ఒక పిన్ మీద 5 వోల్టులు రావాలి, 4.8 నుంచి 5.2 దాకా ఫర్వాలేదు. ఎర్త్ పిన్‌కీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య 0.1 వోల్టు కన్నా తక్కువ ఉండాలి. కప్లర్ పెట్టి వెనక నుంచి సన్నని పిన్‌తో సిగ్నల్ వైరు చూస్తే, ప్రెషర్ లేనప్పుడు చాలా సెన్సర్లు సుమారు 0.5 వోల్టు ఇస్తాయి, గరిష్ఠంగా 4.5. ఈ మధ్యలో లెక్క సూటిగా ఉంటుంది. సెన్సర్ 0 నుంచి 10 బార్ రకమైతే ఒక్కో బార్‌కి 0.4 వోల్టు, కాబట్టి 2 బార్ దగ్గర 1.3 వోల్టులు. ఇంజన్ ఆపి ఉన్నా 2 వోల్టులు చూపిస్తోందంటే సెన్సర్ అబద్ధం చెబుతోంది, లేదా ఎర్త్ సరిగ్గా లేదు.

అసలు 5 వోల్టులే రాకపోతే వెంటనే ఈసీయూని అనుమానించకండి. చాలా బండ్లలో ఆ 5 వోల్టుల లైను ఇంకో రెండు మూడు సెన్సర్లకు కూడా వెళ్తుంది. వాటిలో ఒకటి లోపల షార్టయితే అన్నీ ఒకేసారి పడకేస్తాయి, స్కానర్లో సంబంధం లేని కోడ్‌లు గుంపుగా కనిపిస్తాయి. ఆ సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటిగా తీస్తూ మీటర్ చూస్తుండండి. ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వచ్చాయో దొంగ అదే.

కోడ్‌ల సంగతి. పీ0522 అంటే సిగ్నల్ మరీ తక్కువ: సిగ్నల్ వైరు ఎర్త్‌కి తగిలి ఉండొచ్చు, 5 వోల్టుల లైను తెగి ఉండొచ్చు. పీ0523 అంటే మరీ ఎక్కువ: చాలాసార్లు ఎర్త్ వైరు తెగడం వల్లే. పీ0521 అంటే రీడింగ్ ఉండాల్సిన పరిధిలో లేదని: అది వస్తే వైరు కన్నా ముందు ఆయిల్ గ్రేడ్, ప్రెషర్, సెన్సర్ చూడాలి. పీ0524 వస్తే ప్రెషర్ నిజంగానే తక్కువని అనుకునే మొదలుపెట్టండి.

వైరింగ్‌లో ఎక్కువగా చెడేది సెన్సర్ కప్లరే. లోపలి డయాఫ్రం చిల్లిపడితే ఆయిల్ టెర్మినల్స్ మధ్య నుంచి కప్లర్‌లోకి ఊరుతుంది. కప్లర్ లాగి లోపల వేలు పెడితే తడి తగులుతుంది. ఇలా తడిస్తే ఇక పరీక్షలు అక్కర్లేదు, సెన్సర్ మార్చాల్సిందే. ఆయిల్‌లో కరెంటు పారదు కాబట్టి షార్ట్ కాదు గానీ, కప్లర్ రబ్బరు సీలు ఉబ్బిపోతుంది, పిన్‌ల మీద జిడ్డు పేరుకుంటుంది. పైగా దీపం వత్తి నూనె పీల్చినట్టు రాగి పోగుల వెంట ఇన్సులేషన్ లోపలే ఆయిల్ పైకి ఎక్కుతుంది. సెన్సర్ మార్చినా నెల తిరక్కుండా కప్లర్‌లో మళ్లీ తడి కనిపిస్తే, అది కొత్త సెన్సర్ లీకు కాకపోవచ్చు, వైరులో మిగిలిన పాత ఆయిలే కావచ్చు. కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, నానిన వైరు ముక్క కోసేసి కొత్తది వేయాలి.

మీటర్ ప్రోబ్‌ను కప్లర్ ఆడ పిన్‌లోకి దూర్చే అలవాటు మానుకోండి. పిన్ వెడల్పయి, అప్పటిదాకా లేని లూజ్ కాంటాక్ట్ మీరే తెచ్చిపెట్టిన వాళ్లవుతారు. వైరుకు సూది గుచ్చడమూ అంతే, ఆ చిల్లులోంచి నీరు చేరి రాగి పచ్చబడుతుంది. లోపం వచ్చిపోతూ ఉంటే స్కానర్ లైవ్ డేటా చూస్తూ, ఇంజన్ వేడి తగిలే చోట, బ్రాకెట్ అంచు దగ్గర హార్నెస్‌ను, అంటే వైర్ల కట్టను, కొద్దికొద్దిగా కదపండి. రీడింగ్ ఎక్కడ ఎగిరిందో అక్కడే టేప్ విప్పాలి. ఓమ్ మీటర్ మంచిగా చూపించినా నమ్మకండి: ఒక్క పోగు మిగిలినా అది సున్నా దగ్గరే చూపిస్తుంది. అతుకు వేయాల్సి వస్తే క్రింప్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేయండి. ఉత్త ఇన్సులేషన్ టేప్ ఇంజన్ వేడికి ఊడొస్తుంది.

ఇవన్నీ చేసినా తీర్పు చెప్పేది ప్రెషర్‌ను నేరుగా ముల్లుతో చూపే మెకానికల్ గేజే. సెన్సర్ ఊడదీసి ఆ రంధ్రంలోనే గేజ్ బిగించాలి. ఇక్కడ అడాప్టర్ మరతో జాగ్రత్త: ఎం10×1, 1/8 బీఎస్‌పీ, 1/8 ఎన్‌పీటీ, మూడూ చూపుకి ఒకేలా ఉంటాయి. తప్పుది కూడా మొదటి రెండు చుట్లు చేత్తో ఎక్కి ఆ తర్వాత పట్టేస్తుంది. అప్పుడు పానాతో బలవంతం చేస్తే అల్యూమినియం హౌసింగ్ మర పోతుంది. గేజ్ బిగించాక స్టార్ట్ చేసి ముల్లు లేవకపోతే వెంటనే ఆపేయండి. లేస్తే ఇంజన్ పూర్తిగా వేడెక్కనిచ్చి ఐడిల్‌లోనూ, 2000 ఆర్‌పీఎం దగ్గరా చదవండి. మాన్యువల్ అంకెతోనే పోల్చాలి. అది దొరకకపోతే, ప్రతి 1000 ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ (సుమారు 0.7 బార్) అన్న పాత లెక్క ఉజ్జాయింపుకి పనికొస్తుంది. గేజ్ బాగా చూపిస్తే సెన్సర్ మార్చుకోండి. తక్కువ చూపిస్తే సెన్సర్ నిజమే చెప్పింది, ఇక సంప్‌లో ఆయిల్‌ను వడగట్టే స్ట్రైనర్, ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వ్, పంపు, బేరింగుల వైపు వెళ్లాలి.

కొత్తది బిగించే ముందు రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. కొన్ని ఇంజన్లలో సెన్సర్ కింద చిన్న జల్లెడ ఉంటుంది. అందులో మడ్డి పేరుకుంటే కొత్త సెన్సర్ కూడా ప్రెషర్ తక్కువే చూపిస్తుంది. మరకు టెఫ్లాన్ టేప్ చుట్టొద్దు: ఒకే వైరు స్విచ్‌కి ఎర్త్ మర ద్వారానే అందుతుంది, పైగా చిరిగిన టేపు ముక్క ఆయిల్ దారిలో ఇరుక్కోవచ్చు. కంపెనీ ఇచ్చిన వాషరో, మర మీద ముందే పూసి వచ్చిన సీలెంటో సరిపోతుంది. పొడవైన పానా వేసి లాగకండి, మాన్యువల్ టార్క్ చాలు. కప్లర్ పెట్టాక కీ ఆన్‌లో లైటు వెలగాలి, స్టార్ట్ చేసిన రెండు మూడు సెకన్లలో ఆరాలి. పావుగంట నడిపి, ఆపి, సెన్సర్ మొదట్లో టిష్యూ పేపర్ అద్ది చూడండి. తడి అంటకపోతే హార్నెస్‌ను పాత క్లిప్‌లోకే నొక్కి బోనెట్ వేసేయొచ్చు.