ఆగని మూత్రం, నరాల కబురు

ఇంటి తాళం తీసేలోపే చీర తడిసిపోయేది. గంటగంటకీ ఒంటికి వెళ్ళాల్సిందే. షుగర్ లేదు, మూత్రపరీక్షలో ఇన్ఫెక్షన్ లేదు, స్కానింగ్ కూడా నార్మల్. "ఈ వయసులో మామూలేలేమ్మా" అని అత్తయ్యగారు సర్దిచెప్పేవారు.

యూరాలజిస్ట్ గారు దీన్ని ఓవర్‌యాక్టివ్ బ్లాడర్, అంటే నిండకముందే తొందరపెట్టే మూత్రాశయం అన్నారు. వెళ్ళిన ప్రతిసారీ ఎంత వచ్చిందో కొలిచి రాయమన్నారు. బాత్రూమ్ కిటికీలో కొలత గ్లాసు పెట్టుకున్నాను. పెద్దవాళ్ళ మూత్రాశయంలో 400 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. నా కాగితం నిండా 80, 110, 90.

"కండరం బాగానే ఉందమ్మా, దానికి అందే కబుర్లే ఎక్కువయ్యాయి" అంటూ ఆయన బొమ్మ గీశారు. నరం కొస నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, కండరం మీద కబురు అందుకునే ఎం3 అనే రిసెప్టర్లను తాకితే మూత్రాశయం ముడుచుకుంటుంది. తర్వాత చెప్పింది నన్ను ఆశ్చర్యపరిచింది. నరం కొస మీదా రిసెప్టర్లు ఉంటాయట. తాను వదిలిన రసాయనాన్నే అవి పసిగడతాయి. ఎం2, ఎం4 రకాలు మడి నిండగానే గండి కట్టేసినట్టు విడుదలను తగ్గిస్తాయి. ఎం1 మాత్రం ఇంకా వదలమంటుంది. మన ఒంట్లో ఇంత లెక్క నడుస్తోందని నాకెవరు చెప్పారు?

మొదట ఎం3 రిసెప్టర్లను అడ్డుకునే సోలిఫెనాసిన్ మాత్ర ఇచ్చారు. అర్జెంటు తగ్గింది. కానీ లాలాజల గ్రంథుల్లోనూ ఎం3 ఉంటుంది కాబట్టి నోరు పిడచకట్టుకుపోయేది. క్లాసులో పాఠం చెబుతుంటే నాలుక అంగిటికి అంటుకునేది, మలబద్ధకం సరేసరి. మందు మార్చి మిరాబెగ్రాన్ రాశారు. ఇది కండరం మీదే ఉండే బీటా-3 అనే మరో రకం రిసెప్టర్‌ను తట్టి కండరాన్ని వదులు చేస్తుంది. నరం కొస వదిలే అసిటైల్‌కోలిన్‌ను కూడా తగ్గిస్తుందని ప్రయోగాల్లో కనబడిందట. నోరు ఎండటం తగ్గింది. బీపీ పెరిగే వీలుంది కనుక చూపించుకుంటూ ఉండాలి.

మాత్రతోనే అయిపోలేదు. అర్జెంటు రాగానే పరుగెత్తకుండా నిలబడి, మూత్రం ఆపుకునే కింది కండరాలను గట్టిగా బిగించి వదలడం నేర్పారు. నాలుగైదుసార్లు చేస్తే ఆ ఉద్ధృతి దిగిపోతుంది, అప్పుడు నిదానంగా నడిచి వెళ్ళొచ్చు. కాఫీ తగ్గించాను. నీళ్ళు మానొద్దన్నారు, మూత్రం చిక్కబడితే మంట ఇంకా ఎక్కువవుతుందట. సరైన బాత్రూమ్ లేక స్కూళ్ళలో ఆడవాళ్ళు గొంతు తడుపుకోకుండా సాయంత్రం దాకా బిగబట్టుకుంటుంటే నాకు కడుపు మండుతుంది.

ఇప్పుడు క్లాసు మధ్యలో లేచి వెళ్ళే పని లేదు. రాత్రి ఒక్కసారి లేస్తున్నానంతే. బీపీ అదుపులోనే ఉంది. మాత్ర ఆపి చూడాలా వద్దా అన్నది వచ్చేసారి కొలతల కాగితం చూశాకే చెబుతామన్నారు, మళ్ళీ రాయడం మొదలుపెట్టాను.