నోటీసు బోర్డు నుంచి ప్యాకింగు డబ్బా దాకా

మన పాఠశాలలో డ్రాయింగు పీరియడు వారానికి ఒక్కటే ఉండేది. పరీక్షలు దగ్గరపడితే అదీ లెక్కల మాస్టారి చేతికి వెళ్లేది. అయినా, ఇప్పుడు ప్యాకింగు డబ్బాలకు డిజైన్లు చేసే నాకు బతుకుదెరువు చూపింది ఆ పీరియడే. మా డ్రాయింగు మాస్టారు బొమ్మలకన్నా అక్షరాల మీదనే ఎక్కువ శ్రద్ధ పెట్టేవారు. వార్షికోత్సవానికి గుడ్డ బ్యానరు రాయించేటప్పుడు, సుద్ద పూసిన దారంతో గీతలు కొట్టించి, తలకట్టు ఎక్కడ ఆగాలో, వత్తు ఎంత కిందికి దిగాలో పెన్సిలుతో గుర్తు పెట్టించిన తరువాతే కుంచె చేతికిచ్చేవారు. ప్రభుత్వం నిర్వహించే డ్రాయింగు లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు నేను రాసింది ఆయన పట్టుదల వల్లనే.

ఇంటర్మీడియట్ అయ్యాక విజయవాడలో ఒక డీటీపీ (కంప్యూటరు మీద అచ్చుకు పేజీలు సిద్ధం చేసే) సెంటరులో చేరి, శుభలేఖలు, కరపత్రాలు కంపోజు చేస్తూ పేజ్‌మేకర్, కోరల్‌డ్రా అనే సాఫ్ట్‌వేర్లు, అను అనే తెలుగు ఫాంట్లు నేర్చుకున్నాను. అంతకన్నా విలువైన చదువు పక్కనున్న ఆఫ్‌సెట్ ప్రెస్సులో దొరికింది. రంగుకొకటి చొప్పున ఉండే సయాన్ (నీలం ఛాయ), మెజెంటా (గులాబీ ఛాయ), పసుపు, నలుపు అచ్చు ప్లేట్లలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా, నాలుగు రంగులూ కలిపి చేసిన సన్నని అక్షరాల అంచులు చెదిరిపోతాయి కనుక, చిన్న అక్షరాలను నలుపు ఒక్కదానిలోనే ఉంచాలని అక్కడి మెషీన్‌మన్ చెప్పిన మాటను ఈనాటికీ పాటిస్తున్నాను.

హైదరాబాదు మాసబ్‌ట్యాంకులోని ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనలు, డిజైన్ల వంటి వాటికి పనికొచ్చే చిత్రకళ) అనే నాలుగేళ్ల డిగ్రీ ఉన్నదని నాకు తెలిసింది కూడా ఆ ప్రెస్సులోనే. పని మీద వచ్చే ఒక కమర్షియల్ ఆర్టిస్టు గారు చెప్పారు. ఎంసెట్ కాక మరో ప్రవేశపరీక్ష ఉంటుందని మా ఇంట్లో ఎవరూ విని ఉండలేదు. అప్పుడు జేఎన్‌టీయూ కింద ఉన్న ఆ కళాశాల 2008 నుంచి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగమైంది.

ఆ తరువాత ప్రకటనల సంస్థల్లో పనిచేసి, ఇప్పుడు సొంతంగా పచ్చళ్లు, పొడులు, మందుల ప్యాకింగు డబ్బాలకు డిజైన్లు చేస్తున్నాను. ఇంగ్లీషు కోసం గీసిన డబ్బాలో తెలుగును ఆఖర్న ఇరికించడం మన మార్కెట్టులో పాతుకుపోయిన అలవాటు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కనుక వరుసల మధ్య ఇంగ్లీషుకన్నా ఎక్కువ ఖాళీ కావాలి. ‘రాష్ట్రం’ వంటి మాటలో వత్తు కింద వత్తు చేరితే, కింది వరుసలోని గుడి దానికి తగలకుండా చూడాలి. ఇది తెలియని చోట పెద్దవాళ్లు మందు సీసా మీది సూచనలు చదవలేక ఇబ్బంది పడతారు. సిలికానాంధ్ర వెలువరించిన రామభద్ర, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరకడంతో మంచి అక్షరం ఎంచుకునే వీలు బాగా పెరిగింది. వరుసల మధ్య ఖాళీని మాత్రం మనమే దిద్దుకోవాలి.

ఈ సంచిక చదువుతున్న తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఒక మాట. ఎన్.ఐ.డి. (డిజైన్ నేర్పే జాతీయ సంస్థ) కోసం అహ్మదాబాదు దాకా వెళ్లవలసిన అవసరం ఇప్పుడు లేదు. 2015లో ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒకటి మొదలయింది. సాఫ్ట్‌వేరు ఏదైనా కొన్ని నెలల్లో వస్తుంది, చేయి కుదరడానికి మాత్రం ఏళ్లు పడుతుంది కనుక ముందు పెన్సిలు పట్టండి. ప్రధానోపాధ్యాయుల వారు అనుమతిస్తే, వచ్చే వేసవి సెలవుల్లో మన డ్రాయింగు గదిలోనే అక్షరాల తరగతి నడపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. రూళ్లు లేని నోటుపుస్తకం, హెచ్‌బీ పెన్సిలు, ఒక స్కేలు తెచ్చుకుంటే చాలు. కుంచెలు, రంగులు నేను తెస్తాను.