తెర సాగినా చీరె సాగొద్దు

రోలబుల్ స్క్రీన్ (లోపల చుట్టుకుని ఉండి, కావాలన్నప్పుడు బయటికి సాగే తెర) పెద్దదవుతుంటే చీరె పెద్దది కాకూడదు. ఇంకాస్త చీరె కనబడాలి. పుట్టపాకలో మా మేనమామ వాళ్లు నేసే చీరెల కోసం నల్గొండలో కూర్చుని నేను చేస్తున్న యాప్‌లో ఈ ఒక్క విషయం మీదే ఎక్కువ కష్టపడుతున్నాను.

ఇంకా చేతికి రాని ఫోన్ల కోసం ఇంత తాపత్రయం ఎందుకని కొందరు అడుగుతున్నారు. ఒప్పో 2020లోనే 6.7 అంగుళాల నుంచి 7.4 అంగుళాలకు సాగే ఫోన్ చూపించింది. ఎల్‌జీ 2021లో ఒకటి చూపించి, అదే ఏడాది ఫోన్ల వ్యాపారం నుంచే తప్పుకుంది. లెనోవో మాత్రం 14 అంగుళాల తెర 16.7 అంగుళాల దాకా పైకి లేచే థింక్‌బుక్ ల్యాప్‌టాప్‌ను 2025లో అమ్మకానికి తెచ్చేసింది. ఫోన్ నా దగ్గర లేదు కాబట్టి ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచే ప్రోగ్రామ్) ఉన్న 7.4 అంగుళాల రోలబుల్ మీదే అన్నీ పరీక్షిస్తున్నాను.

మామూలుగా తెర సైజు మారితే యాప్‌లు రెండే పనులు చేస్తాయి. ఫొటోను తెరకు సరిపడా పెంచుతాయి, లేదా నడిమధ్య భాగం ఉంచి పక్కలు కోసేస్తాయి. మనిషి ముఖం ఉన్న ఫొటోకు ఇది నడుస్తుంది. చీరెకు నడవదు. కోసేసిన ఫొటో చూపిస్తే మామ వెంటనే పట్టుకున్నాడు: "అంచు కోసేస్తె ఇంగ ఏముంటది బిడ్డా? కొనేటోళ్లు ముందుగాల అంచే జూస్తరు."

అందుకే ప్రతి ఫొటోకు ఒక చుక్క పెట్టించాను. మామ ఫోన్ పట్టుకుని, ఏ చోటు ఎప్పుడూ కనబడాలో అక్కడ వేలు పెడతాడు. యాప్ ఆ చోటును ఫొటో వెడల్పులో ఎంత వంతు, ఎత్తులో ఎంత వంతు అని గుర్తుంచుకుంటుంది కాబట్టి తెర ఏ సైజులో ఉన్నా లెక్క తప్పదు. ఒక ఎర్ర చీరెకు ఆయన వేలు పెట్టింది కొంగు, అంచు కలిసే మూల మీద. నేనైతే అక్కడ పెట్టేదాన్ని కాదు. కానీ దగ్గరగా చూస్తే పడుగు రంగు, పేక రంగు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో అక్కడే తెలుస్తుంది. పడుగుకూ పేకకూ ముందే రంగులు వేసి నేసే డబుల్ ఇక్కత్‌లో నేత పనితనమంతా అదే కదా.

ఇక అసలు తలనొప్పి గళ్లతో వచ్చింది. ఇక్కత్‌లో చిన్న చిన్న గళ్లు, సన్న గీతలు పక్కపక్కనే ఉంటాయి. తెర సాగుతున్నంతసేపూ ఫొటోను కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే, ఆ గీతలకూ తెర పిక్సెళ్లకూ పొంతన ప్రతి ఫ్రేముకూ మారుతుంది. బట్ట మీద లేని అలలు పాకుతున్నట్టు కనబడతాయి. దీన్నే మొయిరే అంటారు. ఫొటోను ముందే నాలుగైదు సైజుల్లో నునుపు చేసి పెట్టుకుంటే కొంత తగ్గుతుంది. అలాగని ఫొటోకు షార్ప్‌నెస్ పెంచితే ఇంకో నష్టం: ఇక్కత్ డిజైన్ అంచుల్లో రంగు ఈకలా పక్కకు పాకుతుంది, అది పోయి ప్రింటు చీరెలా గట్టి గీత కనబడుతుంది. చేత్తో దారానికి చిటికి కట్టి రంగులో ముంచిన బట్టను ప్రింటులా చూపించడం నాకు అస్సలు ఇష్టం లేదు.

అసలు పెంచడమే మానేస్తే? తెరను సాగదీసే మోటారు తిరుగుతున్నంతసేపు గడి సైజు అలాగే ఉంచి, చుక్క పెట్టిన చోటు కదలకుండా, కనబడే మేర మాత్రం వెడల్పు చేస్తున్నాను. పొంతన మారదు కాబట్టి అలలూ రావు. ఇందుకోసం ఫొటోను ఒకేసారి, అన్నిటికంటే పెద్ద తెరకు తగ్గట్టు డీకోడ్ చేసి (ఫైల్ నుంచి పిక్సెళ్లుగా విప్పి) ఉంచుకోవాలి. 12 మెగాపిక్సెళ్ల ఫొటో విప్పితే 48 ఎంబీ మెమరీ తింటుంది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లే టైమ్, అందులో దాన్ని మళ్లీ మళ్లీ విప్పుతూ కూర్చోలేం. ఆండ్రాయిడ్ కూడా సైజు మారగానే స్క్రీన్‌ను మొత్తం పడగొట్టి కొత్తగా కడుతుంది. ఆ మార్పు మేమే చూసుకుంటామని మేనిఫెస్ట్‌లో (యాప్ వివరాలు ఆండ్రాయిడ్‌కు చెప్పే ఫైల్) చెప్పకపోతే మధ్యలో ఒక తెల్ల మెరుపు ఖాయం.

థింక్‌బుక్ లాంటి వాటిలో ఇంకో చిక్కుంది. అక్కడ తెరే పైకి జరుగుతుంది. మగ్గం మీద బట్ట జరిగితే దాంతోపాటు పువ్వూ జరిగినట్టు, బొమ్మ కూడా పిక్సెళ్లతో పైకి పోతుంది. చూసేవాళ్లకు అది ఉన్నచోటే ఉండాలంటే, తెర ఎంత పైకి పోతే బొమ్మను అంత కిందికి దించుతూ ఉండాలి. తెర సెకనుకు ఒక సెంటీమీటరు జరుగుతుందనుకుందాం. అంగుళానికి 400 పిక్సెళ్ల తెర అయితే ఒక్క ఫ్రేము ఆలస్యమైనా బొమ్మ రెండు మూడు పిక్సెళ్లు తప్పుతుంది. గోడ ఫొటోలో అది ఎవరికీ తెలియదు. సన్న గీత వెడల్పే రెండు పిక్సెళ్లున్న చోట చీరె వణికినట్టు ఉంటుంది. ఈ దిద్దుబాటు తెరను తయారు చేసినవాళ్లు లోపలే చేయాలి, యాప్ స్థాయిలో చేస్తే ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది.

చీరెలన్నీ వరసగా కనబడే పేజీలో మాత్రం వేరే పద్ధతి పెట్టాను. రెండు వరసలు మూడయ్యేది తెర ఆగాకే. సగంలో ఆపి అటూ ఇటూ ఆడించేవాళ్లుంటారు. అందుకని మూడుకు పెరిగే వెడల్పు కంటే, తిరిగి రెండుకు తగ్గే వెడల్పు కొంచెం తక్కువ పెట్టాను. లేకపోతే ఫొటోలు గంతులేస్తాయి.

తెర చుట్టుకుపోయేటప్పుడు ఏ వైపు దాచాలన్నది ఇంకా తేల్చలేదు. కొనేవాళ్లు చివరగా వేలితో జూమ్ చేసిన చోటు ఉంచాలా, మామ పెట్టిన చుక్క ఉంచాలా? ప్రస్తుతానికి కొనేవాళ్ల వేలికే మాట ఇచ్చాను, మామకు అది నచ్చలేదు. కొయ్యలగూడెం దుప్పట్ల ఫొటోలు కూడా వచ్చాయి. వాటికి నాలుగు వైపులా అంచులుంటాయి కాబట్టి ఒక్క చుక్క చాలదు, ఈ వారం వాటి మీదే కూర్చుంటున్నా.